లంకలో ధర్మద్రవ్యపు పంపకము

క్రీ. శ. 2004 సంవత్సరము డిసెంబరు 26వ తేదీని సముద్రము పొంగి లంకాద్వీపముమీఁద పడి, 30,000 మందికి మించి జనులను చంపెను. సింహళుఁడని, తమిళుఁడని, మహమ్మదీయుఁడని అది యెంచలేదు. పరదేశములనుండి ధర్మద్రవ్యము రాఁగా పంపకమున చిక్కు పుట్టెను. ఏలయనగా ఉత్తరపు, తూర్పు తీరములు కొంత దొరతనమువారి చేతను, కొంత తమిళ పులుల చేతను ఉండెను.

2005 జూన్ 24వ తేదీని ఆ యుభయులును ఒడంబడిక చేసికొనిరి. దాని ప్రకారము ప్రాంతీయ సభలో పులులకు 5, మహమ్మదీయులకు 3, దొరతనమునకు 2 స్థానములు. అయితే తూర్పు తీరమున మిక్కిలి నష్టపడిన మహమ్మదీయులు చేవ్రాలు చేయుటకు పిలువఁబడలేదు. సింహళులలో జె. వి. పి. పక్షమువారు దీని నెదిరించి ప్రభుత్వమును విడిచిరి. 1997లోనే పులులను ఉగ్రవాదులుగా నిర్ణయించిన అమెరికా ఆ నిధికి నేరుగా సొమ్మియ్యలేదు. జూలై 15వ తేదీని సర్వోన్నత న్యాయస్థానము ముఖ్యాంశములను నిలిపివేసెను. ఆ యొడంబడిక అమలునకు రానేలేదు.

పూర్వము యెరూషలేము సంఘములో గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రకు దినదినపు పంపకమున లోపము కలిగినప్పుడు, సంఘమంతయు కూడి యేడుగురిని ఏర్పరచెను (అపొ. కార్య. 6). పుచ్చుకొనువారికి పంచు సభలో మాట లేనిచో ధర్మమే కలహమునకు హేతువగును.