పడిశపు మాత్ర – గర్భిణి

మాఘ ఫాల్గుణములలో ఒంగోలు చుట్టుపట్ల మిరపకల్లములందు తాలుకాయలు ఏరు స్త్రీలకు తుమ్ములు తప్పవు. వారిలో గర్భిణులును ఉందురు. అంగడిలో అడిగి ఒక మాత్ర మ్రింగుదురు. అది నిరపాయమా? చరిత్ర రెండు విధముల పలికినది.

థాలిడోమైడును మనము నిద్రమందుగనే ఎరుగుదుము. కాని 1956 నవంబరులో అది జర్మనీలో మొదట అమ్మకమునకు వచ్చినది గ్రిప్పెక్సు అను పడిశపు మందులో కలిసి! గర్భము నిలిచిన తొలి వారములలో థాలిడోమైడు వాడిన తల్లులు పెక్కురకు చేతులు, కాళ్లు సరిగా ఏర్పడని శిశువులు కలిగిరి. 1961 నవంబరులో గాని అచట దాని అమ్మకము ఆగలేదు.

డాక్సిలమైను కథ వేరు. ఇది తుమ్ముల నాపు మందుల జాతిదే. బి6 విటమిను మొదలగువానితో కలిపి, బెండెక్టిను అను పేర, అమెరికాలో 1956 నుండి వేవిళ్లకు వాడిరి. థాలిడోమైడు భయము దీనికిని అంటినది. వ్యాజ్యములు పెరుగగా 1983లో తయారీ మానిరి. పరిశోధనలు దోషము చూపలేదు. 2013లో డాక్సిలమైను, బి6ల కలయికకు మరల అనుమతి లభించినది. ముప్పది యేండ్లు! ఎందరు తల్లులు ఊరక బాధపడిరో!

నేటి పడిశపు మాత్ర ఒక మందు కాదు. జ్వరమునకు పారాసిటమాలు, తుమ్ములకు క్లోర్‌ఫెనిరమైను, ముక్కు దిబ్బడకు ఫినైలెఫ్రిను తరచు ఒకే మాత్రలో ఉండును. నడిమిదానికి చిరకాలపు అనుభవము కలదు. చివరిది రక్తనాళములను బిగించును. తొలి మూడు మాసములలో వలదని వైద్యులందురు. మేము మాత్ర పేరు అడుగము. అట్ట వెనుకటి చిన్న అక్షరములను వైద్యునకు చూపుమందుము.