చెరిపేసిన తుపాకుల చిట్టా

2015 జూన్‌లో కెనడా పార్లమెంటు ఆమోదించిన బడ్జెట్ బిల్లులో, పన్నులూ రాయితీల నడుమ, వాటితో ఏ సంబంధమూ లేని భాగం ఒకటి ఉంది. మూడేళ్ల కిందట తుపాకుల రికార్డులను ధ్వంసం చేసినవారి మీద ఏ కేసూ నిలవకుండా చూడటమే దాని పని. 2011 అక్టోబరు 25 నుంచే అది అమల్లో ఉన్నట్టు భావించాలని కూడా రాసుకున్నారు. జరిగిపోయిన పనికి పాత తేదీతో రక్షణ కల్పించాల్సినంత అవసరం ఎందుకొచ్చింది?

1989 డిసెంబరు 6న మాంట్రియల్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్ ఇంజినీరింగ్ కళాశాలలోకి ఒకడు రుగర్ మినీ-14 రైఫిల్‌తో చొరబడ్డాడు. తరగతి గదిలోంచి మగపిల్లల్ని బయటికి పంపేసి ఆడపిల్లల మీద కాల్పులు జరిపాడు. ఆ సాయంత్రం మొత్తం 14 మంది మహిళలు చనిపోయారు. ఆ రైఫిల్‌ను అతను చట్టబద్ధంగానే కొన్నాడు.

కెనడాలో పిస్తోళ్లకు 1934 నుంచే రిజిస్ట్రేషన్ ఉంది. రైఫిళ్లు, షాట్‌గన్ల సంగతి వేరు. పొలాల్లో, అడవుల్లో అవి పనిముట్లు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాటినీ నమోదు చేయించారు గానీ, యుద్ధం ముగియగానే ఆ పద్ధతి ఎత్తేశారు. మాంట్రియల్ మృతుల కుటుంబాలు, బతికి బయటపడినవారు ఏళ్ల తరబడి పోరాడాక 1995లో న్యాయశాఖ మంత్రి అలన్ రాక్ హయాంలో కొత్త చట్టం వచ్చింది. ప్రతి రైఫిల్‌నూ, ప్రతి షాట్‌గన్‌నూ రిజిస్టర్ చేయించాలి. చేయించకపోతే నేరం.

అక్కడి నుంచి రెండు కెనడాలు కనిపిస్తాయి. నగరాలు, వాటితోపాటు క్యుబెక్ రాష్ట్రం, చట్టాన్ని గుండెలకు హత్తుకున్నాయి. అల్బర్టా, సస్కాచెవాన్ రైతులు, వేటగాళ్లు మాత్రం తమను నేరస్థుల్లా చూస్తున్నారని మండిపడ్డారు. వాళ్ల కోపానికి ఖర్చు ఆజ్యం పోసింది. కార్యక్రమానికి 11.9 కోట్ల డాలర్లవుతుందని, ఫీజుల రూపంలో 11.7 కోట్లు తిరిగొస్తాయని, ఖజానా మీద పడే భారం 20 లక్షలేనని మొదట్లో చెప్పారు. 2002 డిసెంబరులో ఆడిటర్ జనరల్ షీలా ఫ్రేజర్ నివేదిక వచ్చింది: 2004-05 నాటికి ఖర్చు 100 కోట్ల డాలర్లు దాటిపోతుంది! చిట్టా మంచిదా చెడ్డదా అన్న చర్చను ఆ ఒక్క అంకె మింగేసింది.

2010 సెప్టెంబరు 22న రద్దు ప్రతిపాదన దిగువసభలో 153-151 ఓట్లతో వీగిపోయింది. మరుసటి ఏడాది స్టీఫెన్ హార్పర్ కన్సర్వేటివ్‌లు పూర్తి మెజారిటీతో గెలిచారు. 2012 ఏప్రిల్ 5న రద్దు చట్టమైంది. ప్రజలకు చెప్పి గెలిచి చేసిన పని గనక, రద్దును తప్పు పట్టలేం. అసలు పేచీ 29వ సెక్షన్‌తో. రిజిస్ట్రీని ఆపడమే కాదు, అప్పటిదాకా పోగైన సుమారు 70 లక్షల తుపాకుల వివరాలను, వాటి నకళ్లతో సహా వీలైనంత త్వరగా ధ్వంసం చేయాలని ఆ సెక్షన్ ఆదేశించింది. ప్రభుత్వ పత్రాలను జాతీయ ఆర్కైవ్స్ అనుమతి లేకుండా నాశనం చేయకూడదన్న నిబంధన దీనికి వర్తించదని కూడా చెప్పింది. దుకాణం మూసేసినవాడు సైతం ఖాతా పుస్తకాలను కొన్నాళ్లు అటక మీద పెడతాడు.

ప్రభుత్వ వాదనలో బలం లేదనను. శిక్ష భయంతో జనం ఇచ్చిన వివరాలవి. ఆ చట్టమే పోయాక వాటిని దాచుకునే హక్కు సర్కారుకు ఎక్కడిది? ఉంచితే రేపు మరో ప్రభుత్వం అదే చిట్టా పట్టుకుని ఇళ్లకు రాదా? అందులో తప్పులున్నాయనీ అన్నారు. ఈ చివరి మాట మాత్రం నాకు మింగుడుపడదు. తప్పులున్న రికార్డే ఆ కార్యక్రమం ఎంత అధ్వానంగా నడిచిందో చెప్పే సాక్ష్యం కదా.

రద్దు బిల్లు ఇంకా చట్టం కాకముందే, 2012 మార్చి 27న, ఒక పౌరుడు సమాచార హక్కు కింద ఆ డేటా అడిగాడు. అడిగిన రికార్డులను చెరపకూడదని సమాచార కమిషనర్ సుజాన్ లెగో మంత్రికి లేఖ రాశారు. అయినా క్యుబెక్ మినహా మిగతా దేశమంతటి రికార్డులనూ అక్టోబరు చివరికల్లా ఫెడరల్ పోలీసులు తుడిచేశారు. నేరం జరిగి ఉండొచ్చంటూ 2015లో ఆమె విషయాన్ని అటార్నీ జనరల్‌కు నివేదించారు. మొదట చెప్పిన పాత తేదీ సవరణ ఆ తర్వాతే వచ్చింది.

క్యుబెక్ వాటా అప్పటిదాకా మిగిలింది కోర్టు కేసు వల్ల. తమ ప్రాంత డేటా తమకిస్తే సొంత రిజిస్ట్రీ పెట్టుకుంటామని ఆ రాష్ట్రం అడిగింది. 2015 మార్చి 27న సుప్రీంకోర్టు 5-4 తేడాతో కాదంది. ధ్వంసం చేయడం తెలివైన పనేనా అన్నది తాము తేల్చే విషయం కాదని, ఫెడరల్ పార్లమెంటుకు ఆ అధికారం ఉందా అన్నదే ప్రశ్న అని మెజారిటీ తీర్పు చెప్పింది. ధర్మాసనంలోని ముగ్గురు క్యుబెక్ న్యాయమూర్తులూ భిన్నాభిప్రాయం రాసిన వైపే నిలిచారు. ఆ సమాచార హక్కు దరఖాస్తు మీద నడిచిన కేసు పుణ్యమా అని ఆ వాటా నకలు ఒకటి హార్డ్‌డిస్క్ రూపంలో ఫెడరల్ కోర్టుకు చేరింది. క్యుబెక్ తన సొంత చట్టం చేసి 2018 జనవరిలో నమోదు మొదలుపెట్టింది. 2019లో లిబరల్ ప్రభుత్వం పాత తేదీ సవరణలను తొలగించి, క్యుబెక్ కోరితే నకలు ఇచ్చేలా చట్టం మార్చింది.

2020 మే 1న ట్రూడో ప్రభుత్వం సుమారు 1,500 రకాల తుపాకులను నిషేధించింది. రుగర్ మినీ-14 కూడా వాటిలో ఉంది. అలాంటి రైఫిళ్లు ఎవరి దగ్గర ఉన్నాయో చెప్పే దేశవ్యాప్త చిట్టా అప్పటికి లేదు. చెరపడం ఎంత తప్పో చూడండని ఒకరు, ఇందుకే చెరపమన్నామని మరొకరు. ఇద్దరూ ఇదే ఉదాహరణ చూపిస్తారు.

నిజానికి కెనడాకు మూడో దారి తెలియనిది కాదు. అక్కడ జనాభా లెక్కల పత్రాలను ఆర్కైవ్స్‌లో పెట్టి 92 ఏళ్ల తర్వాతే బయటికి తీస్తారు. తుపాకుల చిట్టానూ అలాగే పోలీసులకు అందకుండా తాళం వేసి పెట్టాల్సింది. సొంతదారుల భయమూ తీరేది, చరిత్రకారుడి చేతికి కాగితమూ మిగిలేది. రద్దు హార్పర్ ప్రభుత్వ హక్కు. చెరిపివేత, దాన్ని కాపాడేందుకు చట్టానికి పాత తేదీ వేయడం అధికార దుర్వినియోగమే.