చీకటి గది నుంచి సమావేశ మందిరానికి: ప్రొజెక్టరు ప్రస్థానం

మన పాఠశాల సమావేశ మందిరానికి స్వర్ణోత్సవ కానుకగా ప్రొజెక్టరు ఇద్దామని పూర్వ విద్యార్థులు పలువురు సూచిస్తున్నారు. ఏది కొనాలన్న చర్చ వచ్చినప్పుడల్లా ల్యూమెన్లు, రిజల్యూషన్ అనే మాటలు వినబడుతున్నాయి. వాటి వెనుక ఉన్న చరిత్ర తెలిస్తే ఎంపిక సులువవుతుంది.

దీపం, బొమ్మ, తెర కలిసిన వినోదం తెలుగువారికి కొత్త కాదు. మన తోలుబొమ్మలాట అదే. దానికి కటకం తోడైనది ఐరోపాలో. 1659 ప్రాంతంలో డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ రూపొందించిన మాయాదీపం, గాజుపలక మీది బొమ్మను గోడపై పెద్దదిగా చూపింది. 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియర్ సోదరుల చలనచిత్రాలు ప్రదర్శించారు. 1910 ప్రాంతంలో రఘుపతి వెంకయ్య క్రోనోమెగాఫోన్ తెప్పించి మద్రాసులోనూ, ఇతర ఊళ్లలోనూ బొమ్మలు ఆడించారు.

వీటన్నిటికీ గది చీకటిగా ఉండాలి. సినిమాకు అది ఇబ్బంది కాదు. పాఠానికీ, సమావేశానికీ ఇబ్బందే. నోట్సు రాసుకోలేరు, మాట్లాడేవారి ముఖం కనబడదు.

ఆ ఇబ్బందిని చాలావరకు తీర్చింది ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనిక శిక్షణలో వాడిన ఈ యంత్రం తర్వాత తరగతి గదులకు చేరింది. లైట్లు ఆర్పకుండా, విద్యార్థుల వైపు తిరిగే, పారదర్శక షీటు మీద రాస్తూ పాఠం చెప్పగలిగారు. 1987లో వచ్చిన తొలి పవర్‌పాయింట్ కూడా ఈ షీట్లు తయారు చేసుకోవడానికే. కొడాక్ సంస్థ 1961లో తెచ్చిన కారౌసెల్ స్లైడ్ ప్రొజెక్టరుకు మాత్రం మళ్లీ చీకటి కావలసి వచ్చింది. 2004లో కొడాక్ స్లైడ్ ప్రొజెక్టర్ల తయారీనే ఆపేసింది.

అప్పటికే కంప్యూటరు తెరను నేరుగా చూపే యంత్రాలు వచ్చేశాయి. 1989లో ఎప్సన్ తన తొలి ఎల్‌సీడీ ప్రొజెక్టరును విడుదల చేసింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టిన సూక్ష్మదర్పణాల చిప్పుతో 1996లో డీఎల్‌పీ ప్రొజెక్టర్లు మార్కెట్లోకి వచ్చాయి.

ఇక మన మందిరం సంగతి. కిటికీలు తెరిచి, లైట్లు వేసి వాడుకోవాలంటే మొదట చూడవలసింది వెలుగు. పెట్టె మీద ఉత్త ‘ల్యూమెన్లు’ అని ఉంటే చాలదు, ‘ఆన్సీ ల్యూమెన్లు’ ఎన్నో అడగాలి. తెరను తొమ్మిది భాగాలు చేసి, ఒక్కోచోట వెలుగు కొలిచి సగటు తీసే పద్ధతి అది. నలభై మంది కూర్చునే గదికి 3,000 నుంచి 4,000 ఉండాలి. రెండోది రిజల్యూషన్: పట్టికల్లో చిన్న అక్షరాలు చదవాలంటే 1280×800కు తగ్గకూడదు. మూడోది త్రో నిష్పత్తి: అది 1.5 అయితే 2 మీటర్ల వెడల్పు బొమ్మకు యంత్రాన్ని 3 మీటర్ల దూరంలో బిగించాలి. నాలుగోది దీపం ఆయుష్షు. మామూలు ల్యాంపుకు కొన్ని వేల గంటలు, లేజరుకు సుమారు 20,000 గంటలు చెబుతారు. ఆయుష్షు తీరడమంటే ఆరిపోవడమే కాదు, వెలుగు సగానికి పడిపోవడం. పైగా ల్యాంపు చల్లారకముందే కరెంటు పోతే దానికి చేటు.

ధరలో లేజరు ఎక్కువే. ల్యాంపు యంత్రమే కొంటే మరో ల్యాంపుకూ, యూపీఎస్‌కూ ఇప్పుడే నిధి కేటాయించాలి. లేకుంటే మనమిచ్చిన కానుక కొన్నేళ్లకే బీరువాలోకి చేరుతుంది. కొటేషన్లు పిలిచే ముందు కార్యవర్గం ఈ నాలుగు అంకెలనూ రాసి పెట్టుకోవాలని మనవి.