పడమటి మండలాల పట్టు, గుడ్డులోని నిద్ర

పడమటి మండలాలైన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పట్టు ఎందుకు నిలదొక్కుకుందంటే పక్కనే కోలారు ఉండటం, పీఠభూమి వాతావరణం, మల్బరీ పెరిగే నేల అని చెబుతారు. అవన్నీ నిజమే. కానీ ఇక్కడి రైతు ఏ జాతి పురుగును పెంచాలో నిర్ణయించింది గుడ్డులోని శీతకాలపు నిద్ర. ఇలాంటి నిద్ర ఇతర కీటకాల్లోనూ ఉంది: ఐరోపాలో స్వాలోటెయిల్ సీతాకోకచిలుక చలికాలాన్ని ప్యూపాగా దాటుతుంది. పగళ్ళు కురచవుతున్నాయని గొంగళి దశలోనే పసిగట్టి, ప్యూపా అయ్యాక ఎదుగుదల ఆపేస్తుంది. జపాన్, ఐరోపా పట్టుపురుగులు ఆ పనే గుడ్డు దశలో చేస్తాయి. తల్లి హార్మోను ప్రభావంతో పసుపు గుడ్లు కొద్ది రోజుల్లోనే ముదురు బూడిద రంగుకు తిరుగుతాయి. లోపలి గ్లైకోజన్ సార్బిటాల్‌గా, గ్లిజరాల్‌గా మారుతుంది. నెలల తరబడి చలి తగిలితే గానీ ఆ పిండం సహజంగా మేలుకోదు. మదనపల్లెలో జనవరి రాత్రులు ఎంత వణికించినా అంతటి చలి ఉండదు.

అందుకే దక్షిణాదిన ప్యూర్ మైసూరు జాతి రాజ్యమేలింది. దాని గుడ్డు నిద్రపోదు. లేతగానే ఉండి, తల నల్లచుక్కలా కనబడి, ఆపైన గుడ్డంతా నీలంగా మారి సుమారు పది రోజులకు పగులుతుంది. ఏడాది పొడవునా పంటే. దారం మాత్రం గూటికి దాదాపు 400 మీటర్లే. గుడ్డు నిద్రపోయే బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాల) జాతి గూడు 1000 మీటర్ల పైనే ఇస్తుంది. ఈ రెంటినీ కలిపిన సంకరంలో ఆడది ప్యూర్ మైసూరు, మగది బైవోల్టిన్. గుడ్డు నిద్ర తల్లి వైపు నుంచే తేలుతుంది కాబట్టి ఆ గుడ్లు నేరుగా పొదుగుతాయి. పడమటి మండలాల్లో పురుగులు గూళ్ళు కట్టే చంద్రికల మీద ఏళ్ళ తరబడి అల్లుకున్న పసుపుపచ్చ గూళ్ళ వెనుక ఉన్న ఉపాయం ఇదే.

అసలు కారణం గూళ్ళ నుంచి దారం తీసే రీలర్ల గిరాకీ, వేసవి ఎండలు కాదా అని అడగవచ్చు. బైవోల్టిన్ పురుగు ఎండకు త్వరగా జబ్బుపడుతుంది, ఆ భయం న్యాయమైనదే. కానీ ధర ఎంత ఉన్నా, ఎండ ఎంత తగ్గినా, గుడ్డు మేలుకోనిదే పంట మొదలవదు. మరి శీతల గదులు వచ్చాక ఈ చిక్కు తీరలేదా? తీరింది, అయితే రైతు ఇంట్లో కాదు. గుడ్ల కేంద్రంలో 5, 2.5 డిగ్రీల చలి కృత్రిమంగా ఇస్తారు. లేదా పెట్టి సుమారు 20 గంటలైన గుడ్లను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో శుద్ధి చేసి నిద్ర పట్టకుండానే ఆపుతారు. 1991లో జపాన్ సహకారంతో మొదలైన బైవోల్టిన్ పథకం, తర్వాత వచ్చిన సి.ఎస్.ఆర్. అనే బైవోల్టిన్ జాతులు ఈ ఏర్పాటు మీదే ఆధారపడ్డాయి. కాబట్టి ఈ ఊళ్ళ పట్టు చరిత్ర రాసేవారు మార్కెట్ ధరలతో ఆగకుండా గుడ్ల కేంద్రాల రికార్డులూ తిరగేయాలి.