కృప - ఎదుగుదల: తెలుగు క్రైస్తవ సమాజంలో రెండు భావనల చరిత్ర

వ్యాససంగ్రహం

దేవుని కృప ఉచితమైతే, ఆత్మీయంగా ఎదగడానికి విశ్వాసి చేసే కృషికి స్థానం ఎక్కడ? క్రైస్తవ వేదాంతంలో ఇది చాలా పాత ప్రశ్న. 18, 19 శతాబ్దాలలో క్రైస్తవం తెలుగు నేల మీద వేళ్లూనుకొన్నప్పుడు ఈ ప్రశ్న కూడా దానితోపాటే వచ్చింది. అనువాదకులు ఎంచుకొన్న పదాలలో, కీర్తనకారులు కట్టిన పాటలలో, పల్లెల్లో మారిన బతుకుల్లో దీనికి వేర్వేరు సమాధానాలు కనిపిస్తాయి. ఆ మూడింటినీ పక్కపక్కన ఉంచి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు క్రైస్తవ చరిత్రలో ఆత్మీయమైన ఎదుగుదల వ్యక్తి అంతరంగానికి మాత్రమే పరిమితం కాలేదని, అది ఊరి కట్టుబాట్లతో నేరుగా తలపడిందని ఇక్కడ నిరూపించే ప్రయత్నం జరిగింది.

కీలకపదాలు: కృప, వరప్రసాదం, ఆత్మీయ ఎదుగుదల, బైబిలు అనువాదం, క్రైస్తవ కీర్తన, పురుషోత్తమ చౌదరి, ఒంగోలు ఉద్యమం

1. ఉపోద్ఘాతం

కొత్త నిబంధనలో పౌలు లేఖలు రక్షణ కృపవల్ల కలిగేదే గాని క్రియలవల్ల సంపాదించుకొనేది కాదని బోధిస్తాయి. పేతురు రెండో లేఖ ముగింపు మాత్రం విశ్వాసులను కృపలో ఎదగమని హెచ్చరిస్తుంది. ఉచితంగా అందినదానిలో ఎదగడమంటే ఏమిటన్న చర్చ ఇక్కడే మొదలైంది. 1547లో ట్రెంట్ మహాసభ నీతీకరణ గురించి చేసిన తీర్మానం, విశ్వాసి సత్క్రియలద్వారా తాను పొందిన నీతిలో వృద్ధి పొందుతాడని చెప్పింది. లూథర్ మార్గంలో కృప అనేది మనిషిలో నింపబడే గుణం కాదు, మనిషిపట్ల దేవుడు చూపే ప్రసన్నత. నీతిమంతుడుగా తీర్చబడడం దాని ఫలం. సత్క్రియలు ఆ తరువాత వచ్చేవే గాని దానికి మూల్యం కావు. 18వ శతాబ్దిలో జాన్ వెస్లీ ఈ రెంటి నడుమ మరో దారి చూపాడు. మనిషి వెదకకముందే పనిచేసే కృప, నీతిమంతుని చేసే కృప, పరిశుద్ధపరచే కృప అని ఒకే కృపలోని దశలను అతడు వివరించాడు.

తెలుగువారికి క్రైస్తవం ఒకే మిషను ద్వారా రాలేదు. జెస్యూట్‌లు, జర్మన్ లూథరన్లు, లండన్ మిషనరీ సొసైటీవారు, అమెరికన్ బాప్టిస్టులు, వెస్లియన్ మెథడిస్టులు వేర్వేరు కాలాలలో, వేర్వేరు ప్రాంతాలకు వచ్చారు. కాబట్టి పై భేదాలన్నీ తెలుగులోకి కూడా దిగుమతి అయ్యాయి. అయితే ఇక్కడ వాటికి ఎదురైన భాష, భక్తి సంప్రదాయం, కులవ్యవస్థ ఐరోపాలో లేనివి.

2. రెండు మాటలు: వరప్రసాదం, కృప

18వ శతాబ్ది తొలి సంవత్సరాలలో జెస్యూట్‌లు పుంగనూరు ప్రాంతంలో కర్ణాటక మిషను పని ప్రారంభించారు. నేటికీ తెలుగు కతోలికుల ప్రార్థనలలో, ఉపదేశంలో 'వరప్రసాదం' అన్నదే ఈ భావనకు స్థిరపడిన మాట. ప్రొటెస్టెంటులు 'కృప' అంటారు. ఈ తేడా కేవలం పర్యాయపదాల తేడా కాదు.

ప్రసాదం చేతికి అందేది. దేవునికి నివేదించిన తరువాత భక్తునికి చేరి, అతనిలో భాగమయ్యేది, నలుగురికీ పంచేది. వీరశైవ సంప్రదాయం అష్టావరణాలలో ప్రసాదాన్ని ఒకటిగా పరిగణించింది. దివ్యసంస్కారాలద్వారా కృప విశ్వాసికి అందుతుందని, అతనిలో వృద్ధి చెందుతుందని చెప్పే కతోలిక వేదాంతానికి ఈ మాట సహజంగా ఒదిగింది. కృప అలా కాదు. అది చేతిలో పెట్టే వస్తువు కాదు, ప్రభువు మనసులో ఉండే భావం. తాళ్లపాక కవులనుంచి రామదాసు వరకు తెలుగు భక్తకవులు దైవాన్ని అడిగింది ఆ భావాన్నే. కృపను దేవుని ప్రసన్నతగా నిర్వచించిన ప్రొటెస్టెంటులకు ఇంతకంటె దగ్గరి మాట దొరికేది కాదు.

ఈ మాట వెనుక అప్పటికే ఒక చర్చ ఉంది. శ్రీవైష్ణవంలో తెంగలై, వడగలై శాఖలు భగవత్కృపకు హేతువు అవసరమా కాదా అని శతాబ్దాల తరబడి వాదించుకొన్నాయి. తల్లిపిల్లి నోట కరచుకొనిపోయే కూన మార్జాలకిశోర న్యాయానికి, తల్లిని తానే పట్టుకొని వేలాడే కోతిపిల్ల మర్కటకిశోర న్యాయానికి ఉదాహరణలు. తెలుగు దేశంలో బోధించిన మిషనరీ కృప గురించి మాట్లాడినప్పుడు, విన్నవారిలో కొందరికైనా ఆ ప్రశ్న కొత్తది కాదు. సమాధానం మాత్రమే కొత్తది.

ప్రొటెస్టెంటు అనువాదంలో మరొక విశేషం ఉంది. హీబ్రూ పాత నిబంధనలో 'హెసెద్' అనే పదం నిబంధన చేసుకొన్నవారి మధ్య తరతరాలకూ చెడని విశ్వసనీయ ప్రేమను చెబుతుంది. గ్రీకు కొత్త నిబంధనలోని 'ఖారిస్' అర్హత చూడకుండా ఇచ్చే వరాన్ని చెబుతుంది. ఇంగ్లీషు బైబిళ్లలో ఈ రెంటికీ సాధారణంగా వేర్వేరు మాటలు కనిపిస్తాయి. తెలుగు బైబిలు చాలాచోట్ల రెంటినీ 'కృప' అనే అనువదించింది. అందువల్ల 136వ కీర్తనలో పల్లవిలా తిరిగి తిరిగి వచ్చే నిరంతర కృప, ఎఫెసీ లేఖలో రక్షణకు మూలమైన కృప తెలుగు పాఠకునికి ఒకటే. ఒక క్షణంలో దొరికే వరం, జీవితమంతా విడవని తోడు ఒకే మాటలో కలిసిపోయాయి. మొదటి అర్థం రక్షణను వివరిస్తే, రెండోది ఎదుగుదలకు చోటిస్తుంది. వేదాంతులు విడదీసి చూపినవాటిని ఈ మాట విడదీయలేదు. తెలుగు సంఘాలలో కృప అనగానే గడచిన సంవత్సరమంతా కాపాడిన దేవుని తలచుకొనే అలవాటుకు ఈ అనువాదం ఒక ప్రధాన కారణమని భావించవచ్చు.

3. తొలి అచ్చుపుస్తకాలలో 'దోవ'

తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలు ఈ అంశానికి సంబంధించినవే కావడం గమనార్హం. జర్మన్ లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉన్న కాలంలో బైబిలును తెలుగులోకి అనువదించాడు. అది అచ్చుకు నోచుకోలేదు. స్వదేశానికి తిరిగి వెళ్లాక హాలే నగరంలో 1746, 1747 సంవత్సరాలలో అతడు కొన్ని చిన్న తెలుగు పుస్తకాలను ముద్రింపజేశాడు. లూథర్ లఘు ప్రశ్నోత్తరి, 'మోక్షానికి కొంచుపొయ్యే దోవ', 'నూరు జ్ఞాన వచనాలు' వాటిలో ఉన్నాయి.

హాలే అప్పట్లో పయటిస్టు ఉద్యమానికి కేంద్రం. సిద్ధాంతాన్ని అంగీకరిస్తే చాలదని, హృదయం మారాలని, ఆ మార్పు నడవడిలో కనిపించాలని పయటిస్టులు పట్టుబట్టారు. రక్షణను దశలు దశలుగా సాగే క్రమంగా వారు బోధించారు. ఈ నేపథ్యంలో షుల్జ్ పుస్తకం పేరును చూడాలి. అతడు ఎంచుకొన్న 'మోక్షం' హిందూ దర్శనాల పదం, 'దోవ' వాడుకభాషలోని పదం. మోక్షం గమ్యం, క్రైస్తవ జీవితం నడక. కృప, ఎదుగుదల అన్న జంట భావనలకు తెలుగు అచ్చులో దొరికిన తొలి రూపకం ఇదేనని చెప్పవచ్చు. ఆ పుస్తకాలు తెలుగువారికి ఎంతమేరకు చేరాయన్నది వేరే విషయం. భావన మాత్రం తెలుగు మాటల్లోకి వచ్చింది.

1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ సువార్తల అనువాదానికి పూనుకొన్నారు. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయరు వారికి తోడ్పడ్డాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అప్పటికి ఆ మిషనరీలు ఇద్దరూ కన్నుమూశారు. భాషాపండితుల సాయం లేకుండా ఈ అనువాదాలు సాధ్యమయ్యేవి కావు. అందుకే కృప, ప్రసాదం, మోక్షం వంటి మాటలు వాటి పూర్వార్థాలను వెంటబెట్టుకొనే క్రైస్తవ గ్రంథాలలోకి ప్రవేశించాయి.

4. కీర్తనలో కృప: పురుషోత్తమ చౌదరి

మాటకు ప్రాణం పోసింది పాట. పురుషోత్తమ చౌదరి (1803-1890) పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, తరువాత పాదిరిగా పనిచేశాడు. యేసునాయక శతకం, నిస్తార రత్నాకరం, కులాచార పరీక్ష ఆయన రచనలలో కొన్ని. రాగతాళాలతో ఆయన రచించిన కీర్తనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంకలనంద్వారా నేటికీ ఆరాధనలలో వినిపిస్తున్నాయి.

కీర్తన నిర్మాణమే ఇక్కడ ప్రధానం. చరణం తరువాత చరణం భక్తుడు తన పాపస్థితిని, పశ్చాత్తాపాన్ని, నమ్మికను, ఆశను చెప్పుకొంటూ ముందుకు సాగుతాడు. ప్రతి చరణం చివర మళ్లీ పల్లవికి వస్తాడు. ఎంత దూరం నడిచినా మొదట వేడుకొన్న కృప దగ్గరికే తిరిగి చేరడం కీర్తన లక్షణం. పాశ్చాత్య వేదాంతం ముందువెనుకల క్రమంగా వివరించిన నీతీకరణ, పరిశుద్ధీకరణలను కీర్తన ఒకే ఆవృత్తిలో పాడించింది. చదువురాని విశ్వాసికి వేదాంతం చేరింది ఈ రూపంలోనే. అందుకే ఎదిగిన విశ్వాసి కూడా తనను పాపిగానే చెప్పుకోవడం తెలుగు క్రైస్తవ భక్తిలో వైరుధ్యంగా తోచదు.

అయితే చౌదరిని కీర్తనకారుడిగా మాత్రమే చూస్తే సగం చూసినట్టే. కులాచార పరీక్ష కులాన్ని విమర్శకు పెట్టిన రచన. అర్హత చూడని కృపను నమ్మిన మనిషి పుట్టుకతో వచ్చిన అర్హతను పట్టుకొని వేలాడడం కుదరదు. కీర్తనలో వేడుకొన్న కృపకు, గద్యంలో పరీక్షించిన కులానికి మధ్య ఉన్న ఈ సంబంధాన్ని సాహిత్య చరిత్రలు తగినంతగా గుర్తించలేదు.

5. పల్లెలో ఎదుగుదల: ఒంగోలు ఉద్యమం

ఈ భావనలకు అసలైన పరీక్ష పల్లెల్లో జరిగింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లఫ్ 1866లో ఒంగోలు చేరాడు. అక్కడి ఉద్యమానికి ఆద్యుడు మాత్రం తోళ్ల వ్యాపారం చేసే మాదిగ, ఎర్రగుంట్ల పేరయ్య. క్రైస్తవుడు కాకముందే అతడు రాజయోగ బోధ పొందిన సాధకుడు. దైవాన్ని వెదకడం, గురువును ఆశ్రయించడం, శిష్యులకు బోధించడం అతనికి తెలిసిన పనులే. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో ప్రచురించిన మాదిగల కథనాలు ఈ పూర్వచరిత్రకు ముఖ్యమైన ఆధారం. అంటే ఆత్మీయమైన ఎదుగుదల మిషనరీలు అప్పుడే పరిచయం చేసిన ఊహ కాదు. అక్కడ అది ముందునుంచే ఉంది.

కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. చూడడానికి ఇవి మతనియమాలు. కాని చచ్చిన పశువును తీసుకుపోవడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిచిన రోజున పనికి పోవడం మాదిగలకు ఊరు విధించిన బాధ్యతలు. వాటిని మానుకోవడం ఊరి కట్టుబాటును ధిక్కరించడమే. పని ఇవ్వకపోవడం, బావి దగ్గరికి రానీయకపోవడం వంటి ప్రతీకారాలు విశ్వాసులు ఎదుర్కొన్నారు. ఇక్కడ పవిత్రత అంటే వెట్టికి లొంగకపోవడం కూడా.

1876-78 నాటి కరవులో ప్రశ్న మరింత పదునెక్కింది. క్లఫ్ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి పని కల్పించాడు. బాప్తిస్మం కోరి వచ్చినవారు పెరిగారు. తిండికోసం వచ్చారన్న అనుమానానికి తావివ్వకూడదని ఆ కాలంలో ఏడాదికి పైగా అతడు బాప్తిస్మాలు ఆపివేశాడు. సహాయ కార్యక్రమం ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చినవారు తెలుగు బోధకులే.

ఈ నిర్ణయాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. ఉచితమైన కృపకు ఉద్దేశాలు పరీక్షించే గడువు విధించడం కృపకు షరతు పెట్టడమే అన్నది ఒకటి. అన్నానికి బదులుగా విశ్వాసాన్ని అడగకుండా బీదల గౌరవాన్ని కాపాడడం అన్నది మరొకటి. రెండో పఠనమే చరిత్రకు దగ్గరగా ఉంది. అన్నం అందరికీ దొరికింది, బాప్తిస్మం ఆగింది. పని ముగిసి కూలి ఆగిపోయిన తరువాత కూడా వేలమంది రావడం వారి కోరిక కూలికి కట్టుబడినది కాదని చూపుతుంది. అయితే మొదటి పఠనాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. తినే తిండిని బట్టి ఎదుగుదలను కొలిచినప్పుడు, ఆ తిండి తప్ప మరొకటి దొరకనివ్వని వ్యవస్థ నేరం తినేవాని మీదికి మళ్లే ప్రమాదం ఉంది. 'శుభ్రత' పేరుతో కొత్త అంతరాలు సంఘాలలోకి రాకపోలేదు. మాల, మాదిగ క్రైస్తవుల మధ్య దూరం చాలాచోట్ల బాప్తిస్మం తరువాత కూడా మిగిలింది. చౌదరి కులాచార పరీక్ష అడిగిన ప్రశ్న పల్లెల్లో అసంపూర్ణంగానే ఉండిపోయింది.

6. తరువాతి మార్గాలు

నిజాం రాష్ట్రంలోని మెదక్‌లో వెస్లియన్ మిషను పని విస్తరించింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో కరవుకాలంలో పని కల్పించే ఆలోచనతో నిర్మించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. చిన్న బృందాలుగా కూడి ఒకరి జీవితానికి ఒకరు జవాబుదారులుగా ఉండే పద్ధతి వెస్లీ మార్గంలో ఎదుగుదలకు సాధనం. లూథరన్ నేపథ్యంనుంచి వచ్చిన ముంగమూరి దేవదాసు 1938లో బైబిలు మిషనును స్థాపించి, దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టే సాధనకు ప్రాధాన్యమిచ్చాడు. మొదటిది సమాజంవైపు, రెండోది ఏకాంతంవైపు మొగ్గుతాయి. మిషనరీల ఆధీనంలో లేని ఒక తెలుగు సంఘం ఎదుగుదలను తన సొంత భక్తి పరిభాషలో నిర్వచించుకోవడం 1938 నాటి ప్రత్యేకత.

7. ముగింపు

పై పరిశీలననుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, 'వరప్రసాదం', 'కృప' అన్న పదాల ఎంపికలో రెండు వేదాంతాలు తెలుగు భక్తి సంప్రదాయంలోని వేర్వేరు అర్థాలను ఆశ్రయించాయి. హీబ్రూ, గ్రీకు భావనలు 'కృప' అన్న ఒకే మాటలో కలవడంతో అది ఒకనాటి సంఘటనగా కాక జీవితకాలపు తోడుగా అర్థమైంది. రెండు, కీర్తన ఆ అర్థాన్ని నిరక్షరాస్యులకు చేర్చింది. మూడు, పల్లెల్లో ఎదుగుదల అంటే ఊరు అంటగట్టిన హీనతను తిరస్కరించడం. అక్కడ కృప ఉచితమే, ఎదుగుదలకు మాత్రం విశ్వాసులు పనిని, నీళ్లను, ఊరితో సంబంధాన్ని మూల్యంగా చెల్లించారు.

తెలుగు క్రైస్తవ సాహిత్యాన్ని భక్తి శాఖగా ఒకచోట, దళిత చరిత్రను సామాజిక శాఖగా మరొకచోట చదివే అలవాటు మన విశ్వవిద్యాలయాలలో ఉంది. కీర్తనల పుస్తకాన్ని, మిషను నివేదికలను, పల్లెల మౌఖిక కథనాలను కలిపి చదివితేనే కృప గురించి తెలుగువారు ఏమి ఆలోచించారో తెలుస్తుంది. తరాలు మారుతున్న కొద్దీ ఆ మౌఖిక కథనాలు కనుమరుగవుతున్నాయి. వాటిని సేకరించే పని ముందుగా జరగాలి.