ఇల్లు, కాగితం, కులం: బీబీపేట నుంచి బొంబాయి దాకా

బీబీపేట ఇవాళ కామారెడ్డి జిల్లాలో మండల కేంద్రం. 2016 దాకా నిజామాబాద్ జిల్లా దోమకొండ మండలంలో ఓ ఊరు. ఈ ప్రాంతం నుంచి బతకపోయినోళ్ళంటే ఇప్పుడు అందరికీ దుబాయే యాదికొస్తది. అక్కడ ఎన్నేండ్లు చేసినా పౌరసత్వం రాదు. దానికి ముందటి వలస బొంబాయి. అది సొంత దేశమే కాబట్టి పౌరసత్వం సమస్యే లేదని చదువుకున్నవాళ్ళు అంటుంటారు. మేము ఒప్పుకోం.

1900 ప్రాంతంలో నిజాం రాజ్యపు గోదావరి లోయ రైలుమార్గం కామారెడ్డి మీదుగా మన్మాడ్ దాకా పడింది. మన్మాడ్‌లో బండి మారితే బొంబాయి. రైలుకు ముందే తెలంగాణ నుంచి పోయిన కూలీలను అక్కడ కామాఠీలన్నారు. కామాఠీపురకు ఆ పేరు వాళ్ళ వల్లనే వచ్చింది. మట్టి మోసి నగరాన్ని కట్టినోళ్ళు వాళ్ళు. మరి వాళ్ళకు ఇల్లెవరిచ్చారు?

సర్కారు ఇయ్యలేదు. ముందు పోయిన చిన్నాయనో మేనమామో తన గుడిసె పక్కన ఇంత జాగా చూపిచ్చిండు. రేషన్ కార్డుకు చిరునామా కావాలి, చిరునామాకు సాక్షి కావాలి. ఆ సాక్ష్యం వాడోళ్ళదే. (కులపోడికి చోటిచ్చినవాడు పక్క కులాన్ని ఎంత దూరం పెట్టాడో కూడా రాయవలసిందే.) 1976లో ప్రభుత్వం బొంబాయి గుడిసెలను లెక్కగట్టి ఫోటోపాస్‌లిచ్చింది. 1981 జూలైలో పేవ్‌మెంట్ల మీది గుడిసెలు కూల్చారు. సేలం నుంచి వచ్చిన ఒక భూమిలేని కూలీని పెండ్లాంబిడ్డలతో సహా బస్సెక్కించి ఊరికి తోలారు. పని కోసం అతను మళ్ళీ బొంబాయికే వచ్చాడు. ఈ సంగతి 1985 నాటి ఓల్గా టెల్లిస్ తీర్పులోనే ఉంది. బతుకుదెరువు జీవించే హక్కులో భాగమేనని ఆ తీర్పు ఒప్పుకుంది. వానాకాలం పోయినంక ఖాళీ చేయించవచ్చని కూడా చెప్పింది. వేరే జాగా మాత్రం 1976 లెక్కలో పడ్డవాళ్ళకే.

ఇల్లు ఎట్లనో నిలిచింది. కులం సంగతేమిటి? దేశంలో ఎక్కడైనా స్థిరపడొచ్చని రాజ్యాంగం 19వ అధికరణం అంటుంది. 341వ అధికరణం షెడ్యూల్డు కులాలను ఆయా రాష్ట్రానికి సంబంధించి మాత్రమే గుర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి బొంబాయికి ఉద్యోగం మీద పోయిన గిరిజనుడి కొడుక్కి అక్కడి మెడికల్ కాలేజీలో రిజర్వుడు సీటు చెల్లదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. వెనుకబాటు రాష్ట్రానికో తీరుగా ఉంటుందనేది కోర్టు వాదన. 1994లో రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. మాల, మాదిగ పేర్లు మహారాష్ట్ర జాబితాలోనూ ఉన్నాయి. అయినా మనోళ్ళకు పనికిరాలేదు. అంటరానితనం రైలెక్కి వెంట వచ్చింది, రిజర్వేషన్ కామారెడ్డి స్టేషన్లోనే ఆగిపోయింది.

1950 ఆగస్టు 10కి ముందే కుటుంబం మహారాష్ట్రలో ఉందని రుజువైతేనే అక్కడి కుల సర్టిఫికెట్. ఆ రుజువు కోసం మనుమలు తాతల కాగితాలు వెతుకుతున్నారు: మిల్లు పాసు, బడి రిజిస్టరు, అద్దె రసీదు. రాళ్ళు కొట్టిన తాతకు మిల్లు పాసు లేదు. బడి తెలియదు. గుడిసెకు రసీదు ఎవరూ ఇయ్యలేదు. ఆయన ఫలానా వాడలో ఉన్నాడని చెప్పగలిగిన ముసలోళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు.