మా బాపు వేలిముద్ర

మా ఇంట్ల ఒక జిరాక్స్ కాగితం ఉన్నది. 1992 వానాకాలం నాటి శవ పంచనామా నకలు. రెండు పేజీలు. అడుగున ఐదుగురు పంచుల గుర్తులు. మూడు సంతకాలు, రెండు వేలిముద్రలు. ఆ రెండిట్ల ఒకటి మా బాపుది. ఆ కాగితం ప్రకారం శవం 'గుర్తు తెలియని నక్సలైటు'ది. శవమేమో మా చిన్నబాపుది, మా బాపు సొంత తమ్మునిది.

మాది సుంకరి ఇల్లు. ఈ కాలం విద్యార్థులకు సుంకరి అంటే తెలియకపోవచ్చు. ఊర్లెకు సర్కారు వస్తే దాని ముందట ఉరకవలసినవాడు సుంకరి. దండోరా వెయ్యాలె, శిస్తు కట్టనోన్ని పిలుచుకరావాలె, తాసిల్ కాగితం పక్క ఊరికి మొయ్యాలె. మా వాడల మాదిగ ఇండ్లు వంతులేసుకొని చేసిన పని అది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీలను తీసేసింది. పెద్ద విప్లవమన్నారు. పటేలు జాగల ఎమ్మార్వో ఆఫీసు వచ్చింది, సుంకరి మాత్రం సుంకరిగనే ఉన్నడు.

ఆ పనులల్ల ఒకటి శవాల కావలి. ఉరి పెట్టుకున్నోళ్లు, బాయిల పడ్డోళ్లు, ఎన్‌కౌంటర్ల పోయినోళ్లు, ఎవరి శవమైనా పంచనామా అయ్యేదాకా కుక్కలు ముట్టకుంట కూసునేది సుంకరే. బండ్లేసుకొని పోస్ట్‌మార్టానికి కొంచవోయేది సుంకరే. పంచులు దొరకకపోతే వేలిముద్ర పెట్టేది గూడ సుంకరే. మా చిన్నబాపు అట్ల నాలుగైదు ఎన్‌కౌంటర్ శవాలకు కావలున్నడు. ఒకసారి రాత్రంత వానల కూసున్నడట, తన గొంగడి తీసి శవం మీద కప్పి. తెల్లారి ఇంటికొచ్చినంక ఆ గొంగడి లోపలికి తేవద్దన్నది మా చిన్నమ్మ. ఉతికి ఆరేసి మళ్ల అదే కప్పుకున్నడు. ఇంకో గొంగడి యాడిది?

1992 మే నెలల పీపుల్స్‌వార్ మీద నిషేధం పెట్టిన్రు. ఆ యేడు మా దిక్కు పొద్దుగూకినంక బయట కనబడ్డోడు అన్నన్న గావాలె, పోలీసన్న గావాలె. మూడో మనిషి ఉంటడని ఎవలకూ తోచలేదు. ఉన్నడు. భూమి పంచాయితీ ఒకదానికి తెల్లారి విచారణ ఉంటే, రాత్రికి రాత్రే నోటీసు పక్క ఊర్ల ఇచ్చి రమ్మన్నరు చిన్నబాపును. గొంగడి, చేతికర్ర, బ్యాటరీ లైటు పట్టుకొని పోయిండు. ఆయన ఎప్పుడూ అనే మాట మా చిన్నమ్మ ఇప్పటికీ యాది చేస్తది: "లైటు ఏస్తే అన్నలు పోలీసనుకుంటరు, ఎయ్యకుంటే పోలీసులు అన్నలనుకుంటరు." ఆ రాత్రి వేసిండో లేదో మాకు తెల్వదు. వాగు కాడ మాటేసిన పోలీసులు కాల్చిన్రు.

తెల్లారి జీపొచ్చింది. ఎప్పటి లెక్కనే 'సుంకరిని పిలువున్రి' అన్నరు. సుంకరి ఇంటికి రాలేదు కాబట్టి వంతుల మా బాపును ఎక్కించుకున్నరు. మా బాపు వాగు కాడ దిగి చూసిండు.

తర్వాత ఏం జరిగిందో మా బాపు మాకు పూర్తిగ ఎన్నడూ చెప్పలేదు. నేను పట్నంల హాస్టల్ల ఉండి చదువుకుంటున్న రోజులల్ల, పంచనామా నకలు చేతికొచ్చిన రోజు, ఇంటికి పోయి తాగినోని లెక్క అరిచిన. "నీ తమ్మున్ని గుర్తు తెల్వదని రాస్తే వేలిముద్ర ఎట్ల పెట్టినవే బాపూ?" ఆయన శానాసేపు మాట్లాడలేదు. ఆఖరికి అన్నడు: "పెట్టకపోతే శవం ఇయ్యమన్నరు బిడ్డా." అంతే. శవం ఇచ్చిన్రు. రాత్రిపూట, ఎవలకూ చెప్పకుంట పూడ్చుకొమ్మని.

ఆ పంచనామాల శవం కాడ దొరికిన సామాన్ల జాబితా ఉన్నది. ఒక తపంచా, రెండు ఖాళీ తూటాలు, ఒక సంచి, సంచిల విప్లవ సాహిత్యం, ఒక జత పాత చెప్పులు. మా చిన్నబాపుకు చదువు రాదు. ఎమ్మార్వో ఆఫీసు నోటీసు జాబితాల లేదు. బ్యాటరీ లైటు లేదు. గొంగడి లేదు. చెప్పులు మాత్రం నిజం. ఆయనే కుట్టుకున్న కిర్రుచెప్పులు.

వారం పది రోజులకు ఒక అధికారి మా వాకిట్లకు వచ్చిండు. ఆయన పేరు, ఠాణా పేరు నేను రాయను. మంచం మీద కూసోని "చీకట్ల పొరపాటైంది, మనసుల పెట్టుకోకున్రి" అన్నడు. రెండు వేలు ఇచ్చిండు. చిన్నమ్మ ముట్టలేదు, బాపు తీసుకున్నడు. దినాలకు ఖర్చయినయి. ఆ అధికారి మనిషిగా చెడ్డోడని నేననను. అడిగెటోడు లేకపోయినా వచ్చిండు. కానీ వాకిట్ల అన్న ఆ 'పొరపాటు' అనే మాట ఏ కాగితం మీదికీ రాలేదు. నా పేచీ అక్కడ.

కాగితం ఎట్ల నడుస్తదో చెప్పాలె. ఎన్‌కౌంటర్ జరిగినప్పుడు మామూలుగా కట్టే కేసు చనిపోయినవాని మీదనే. పోలీసుల మీద హత్యాయత్నం చేసిండని అప్పటి ఐపీసీ 307, ఆయుధాల చట్టం. కాల్చినోళ్లు ఫిర్యాదిదార్లు, శవం ముద్దాయి. ముద్దాయి చనిపోయినాడు కనుక కేసు మూత. ఆత్మరక్షణ కోసం కాల్చినమని చెప్పిన మాటను కోర్టు చూడదు, ఆ శాఖవాళ్లే రాసుకొని ఆ శాఖవాళ్లే ఒప్పుకుంటారు. పొరపాటని రాస్తే చంపినవాడొకడు ఉన్నడని ఒప్పుకున్నట్టయితది. ఎదురుకాల్పులని రాస్తే చంపినవాడే ఉండడు.

మా చిన్నమ్మతో 1995లో ఒక దరఖాస్తు పెట్టించిన. అట్రాసిటీ చట్టం కింద కేసు కట్టాలని రాసినం. ఒక వకీలు సారు పైస తీసుకోకుండా తిరిగిండు, పంచనామా నకలు ఆయన పుణ్యమే. ఆర్డీఓ విచారణకు చిన్నమ్మ రెండు కూళ్లు పోగొట్టుకొని పోయింది. "కాల్చంగ నువ్వు చూసినవా?" అని ఒక్కటే ప్రశ్న. చూడలేదన్నది. కొన్నాళ్లకు జవాబొచ్చింది. మా ఫిర్యాదును 'మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్' కింద మూసేసిన్రు. దళితుల మీద దాడుల కేసుల్లో పనిచేసిన కార్యకర్తలకు ఈ ముద్ర బాగా తెలుసు. ఫిర్యాదు చేసినవాడే సంగతిని తప్పుగా అర్థం చేసుకున్నాడని దాని భావం. చూడండి, పొరపాటనే మాట ఎట్టకేలకు కాగితం మీదికి వచ్చింది, మా చిన్నమ్మ పొరపాటుగా!

ఇంకో కాగితం సంగతి మర్చిపోయిన. ఎమ్మార్వో ఆఫీసు రికార్డుల చిన్నబాపు పేరు ఎదురుగ, పనికి హాజరు కానందున తొలగించినట్టు రాసుకున్నరు. ఆ జాగల మా బాపును పెట్టిన్రు. ఒక కాగితంల ఆయన పేరు లేని నక్సలైటు, ఇంకో కాగితంల పనెగ్గొట్టిన సుంకరి.

మా ఒక్క ఇంటి బాధగా దీన్ని చెప్పుకుంటే చరిత్ర తెలియదు. చంపినప్పుడు చంపినట్టు రాయండి అనే డిమాండు ఈ నేల మీద పాతదే. గిరాయిపల్లి అడవిలో 1975లో నలుగురిని చంపి ఎదురుకాల్పులన్నారు. ఎమర్జెన్సీ పోయాక 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో తార్కుండే కమిటీ వచ్చి, ఊర్లు తిరిగి, అవి ఎదురుకాల్పులు కావని చెప్పింది. కన్నబిరాన్ గారు ఆ పనిలో ముందున్నారు. రాష్ట్ర ప్రభుత్వం భార్గవ కమిషన్ వేసింది. కొంతకాలానికి తలుపులు మూసి విచారణ చేయాలని పట్టుబట్టింది, అది అంతటితో సరి. తర్వాత పౌరహక్కుల సంఘం వాళ్లు జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు మన రాష్ట్రం కేసులే పట్టుకుపోయారు. వాటి మీదనే 1996 నవంబర్‌లో కమిషన్ ఉత్తర్వు ఇచ్చింది. 1997 మార్చి 29న కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ వెంకటాచలయ్య దేశంలోని ముఖ్యమంత్రులందరికీ ఉత్తరం రాశాడు. పోలీసుల చేతిలో మనిషి చనిపోతే దాన్ని నేరం జరిగిందని అనుమానించడానికి తగిన సమాచారంగా తీసుకోవాలి, ఆ ఠాణావాళ్లు కాకుండా వేరేవాళ్లు దర్యాప్తు చేయాలి అని.

సరిగ్గా రెండు రోజులకు, మార్చి 31న, ఢిల్లీ కన్నాట్‌ప్లేస్ దగ్గర పట్టపగలు పోలీసులు ఒక నీలం రంగు మారుతి కారును చుట్టుముట్టి కాల్చారు. ఉత్తరప్రదేశ్ గూండా ఒకడు అందులో ఉన్నాడనుకున్నారు. చచ్చిపోయింది ఇద్దరు వ్యాపారులు, మూడో మనిషికి గాయాలు. అక్కడా మొదట వచ్చిన కథ ఇదే: కారులోంచి ముందు కాల్చారు, మేం తిరిగి కాల్చాం. కారులో ఒక పిస్తోలు కూడా 'దొరికింది'. అది పోలీసులు పెట్టిందని సీబీఐ తేల్చింది. మా చిన్నబాపు పక్కన తపంచా, వాళ్ల కారులో పిస్తోలు. ఇంతవరకు రెండు కథలూ ఒకటే.

తర్వాత దారులు వేరయినయి. అక్కడ చచ్చిపోయింది ఎవరో పొద్దుగూకకముందే దేశానికి తెలిసింది. పోలీసు కమిషనర్‌ను పదవి నుంచి తప్పించారు. కేసు సీబీఐకి పోయింది. ఏసీపీతో కలిపి పదిమంది పోలీసులకు 2007లో యావజ్జీవ శిక్ష పడింది. 2009లో హైకోర్టు, 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసినయి. ఆ కుటుంబాలకు న్యాయం జరగడం నాకు సంతోషమే. పధ్నాలుగేండ్లు వాళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన్రు, అదేం చిన్న కష్టం కాదు. మనుషుల్ని వేరే మనుషులనుకొని కాల్చిన పోలీసును ఈ దేశపు చట్టం శిక్షించగలదని ఆ కేసు రుజువు చేసింది. చట్టంల లేదు, కుదరదు అని మాకు చెప్పినోళ్లకు అదే నా జవాబు.

ఇక్కడ మనవాళ్లతో కూడా ఒక మాట తెంపుకోవాలె. మా చిన్నబాపు కాగితాలు పట్టుకొని నేను తిరిగిన రోజుల్లో ఒక మీటింగుల ఒక పెద్దమనిషి అడిగిండు: "మీ చిన్నాయన పార్టీ సానుభూతిపరుడేనా?" కాదన్న. ఆయన మొఖంల ఆసక్తి పోయింది. పట్టుకపోయి చంపితే బూటకపు ఎన్‌కౌంటర్, దానికి నివేదిక ఉంటది, కరపత్రం ఉంటది. పార్టీల ఉండి చస్తే స్తూపం మీద పేరుంటది. నోటీసు ఇయ్యబోయి చీకట్ల చచ్చిన సుంకరికి ఏ జాబితాల జాగ లేదు. నిజంగ పొరపాటే కావచ్చునని నేనే ఒప్పుకుంటున్న గద, ఇంక కొట్లాట దేనికని అడిగిన మిత్రులు గూడ ఉన్నరు.

కొట్లాట ఆ పొరపాటుకు విచారణ కోసం. చీకటి, భయం, క్షణంల తీసుకునే నిర్ణయం అని చెప్తరు. నిజమే కావచ్చు. ఐపీసీ 79 సెక్షన్ గూడ ఆ మాట చెప్పుకునే వీలిచ్చింది. కానీ చెప్పుకోవలసింది కోర్టుల, జడ్జి ముందట. ఎంత దూరం నుంచి కాల్చిన్రు, ఆగుమని అరిచిన్రా, ఆ దారిల రోజూ సుంకరి పోతడని ఠాణాకు తెల్వదా, మాటెయ్యుమన్నది ఎవరు? 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి ఇదే చెప్పింది. పోలీసు చేతిలో మనిషి చస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాలి, ఆత్మరక్షణ అవునో కాదో విచారణలో తేలాలి అని. బాలగోపాల్ గారు వాదించిన కేసు అది. కొద్ది వారాలకే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆ యేడు అక్టోబర్‌ల ఆయన పోయిండు. 2014 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టే పీయూసీఎల్ కేసులో ఎఫ్‌ఐఆర్ కట్టాలని, సీఐడీ గానీ వేరే ఠాణా గానీ దర్యాప్తు చేయాలని, కాల్చినవెంటనే ప్రమోషన్లు, పతకాలు ఇయ్యవద్దని పదహారు సూత్రాలు పెట్టింది.

పొరపాటని రాసినంత మాత్రాన సరిపోదని ఎడెస్‌మెట్ట చెప్తది. బస్తర్‌లో 2013 మే నెలల విత్తనాల పండుగ చేసుకుంటున్న ఆదివాసుల మీద రాత్రి బలగాలు కాల్చినయి. ఎనిమిది మంది ఊరివాళ్లు చచ్చిపోయారు, పిల్లలతో సహా. వాళ్లు మావోయిస్టులు కారని, బలగాలు బెదిరి కాల్చి ఉంటాయని జస్టిస్ అగర్వాల్ కమిషన్ నివేదిక చెప్పింది. అది అసెంబ్లీ ముందుకు వచ్చేసరికి 2022.

మా బాపు 2011ల పోయిండు. ఇంకొక సంగతి రాసి ఆపేస్త. ఆ వాగు కాడ ఉన్న కానిస్టేబుల్ ఒకాయన మా దూరపు చుట్టం వాడకట్టోడే, మావోడే అని తర్వాత తెలిసింది. ఒక పెండ్లిల కనబడి, నేనెవరో తెలుసుకొని, "కాల్చుమన్నరు, కాల్చినం తమ్మీ" అని చెయ్యి పట్టుకున్నడు. విడిపించుకోలేదు నేను. ఆయనొక్కడు జైలుకు పోతే నాకు నెమ్మదయితదా అంటే, కాదు. కానీ కేసే లేకపోతే కాల్చుమన్నోని దాక పోయేది ఎట్ల?

2014 తీర్పు వచ్చినంక సమాచార హక్కు కింద మళ్ల దరఖాస్తు పెట్టిన. కాలపరిమితి దాటినందున రికార్డు ధ్వంసం చేసినమని జవాబు. ఇప్పుడు నా దగ్గరున్న జిరాక్సే మిగిలింది. అదీ మాసిపోతున్నది. మా బాపు వేలిముద్రల గీతలు కనబడవు, నల్ల మచ్చ ఒక్కటే. చిన్నమ్మకు చదువు రాదు, చూపు గూడ తగ్గింది. కాగితం తీసినప్పుడల్లా దగ్గరికొచ్చి కూసుంటది. "ఇందుల ఆయన పేరు లేదంటివి గద. చెప్పులని రాసిన కాడ సూపియ్యి" అంటది. వేలు పట్టుకొని ఆ వరుస మీద పెడత.